ఇరుకైన వాయునాళము - మత్తువైద్యము

చెన్నపట్టణమున సెంట్రలు రైలుస్టేషనునకు ఎదుట ప్రభుత్వ సర్వజన వైద్యశాల కలదు. 1664 వ సంవత్సరమున కోటలో చిన్న ఆసుపత్రిగా మొదలై, 1772 లో ఇప్పటి స్థలమునకు మారి, 1835 లో స్థాపితమైన మద్రాసు వైద్యకళాశాలకు బోధనాలయమై, 2011 నుండి రాజీవ్ గాంధీ పేర వ్యవహరింపబడుచున్న ఈ వైద్యశాల ఆంధ్రదేశపు దక్షిణ జిల్లాలవారికి తరతరములుగా పరిచితమైనది. నెల్లూరు, గూడూరు, రేణిగుంటల మీదుగా వచ్చు రైళ్ళనుండి దిగి, రోడ్డు దాటి, పాత మందుచీటీల కట్ట చేతబట్టుకొని వచ్చు తెలుగు రోగులు ఆ ద్వారముకడ నిత్యము కనబడుదురు. నగరమునందలి ఇతర ఆసుపత్రులకును ఇట్లే వచ్చువారు పెక్కురు.

అట్టివారిలో ఒక విధమగు రోగిని గూర్చి ఈ వ్యాసమున విచారింపబడుచున్నది. అతడు మాటలాడునపుడు వాక్యము నడుమ ఊపిరికై ఆగును. రెండంతస్తులు ఎక్కలేడు. గాలి పీల్చునపుడు మెడకడ ఈలవంటి చప్పుడు వినవచ్చును. చీటీలలో 'ఉబ్బసము' అని వ్రాసియుండును. ఉబ్బసపు మందులన్నియు వాడియుండును. గుణము మాత్రము కనబడియుండదు. ఏలయన అతని వ్యాధి ఊపిరితిత్తులలోని సన్నని గొట్టములయందు లేదు. వాటికన్నింటికిని ముందున్న పెద్దగొట్టమే సన్నగిల్లినది. దానిని విప్పుటకు శస్త్రచికిత్స కావలెను. శస్త్రచికిత్సకు మత్తు కావలెను. కాని ఏ ప్రయత్నముతో అతడు గాలిని ఆ సందుగుండ లోనికి లాగికొని జీవించుచున్నాడో, ఆ ప్రయత్నమును మత్తుమందు అణచివేయును. ఈ చిక్కు ఎట్లు పరిష్కరింపబడుచున్నదో తెలియుటకు మొదట ఆ మార్గము యొక్క స్వరూపము తెలియవలెను.

వాయునాళ స్వరూపము

స్వరపేటికకు దిగువనుండి బయలుదేరి, మెడలోను రొమ్ములోను కొంతదూరము దిగి, కుడియెడమ ఊపిరితిత్తులకు రెండు శాఖలుగా చీలు గొట్టమునకు వాయునాళమని పేరు. పెద్దవారియందు దీని పొడవు సుమారు 10 నుండి 12 సెం.మీ.; లోపలి వ్యాసము సుమారు 15 నుండి 20 మి.మీ. ఉండును. ముందువైపునను ప్రక్కలను గుఱ్ఱపునాడా ఆకారముగల మృదులాస్థి వలయములు 16 మొదలు 20 వరకు దీనిని ముడుచుకొనిపోకుండ నిలబెట్టుచుండును. వెనుకవైపు మాత్రము మెత్తని పొర. రెండు శాఖలును వాయునాళమును కలిసి పెద్ద శ్వాసమార్గములని చెప్పబడును.

ప్రకృతి ఈ మార్గమును అవసరమునకు మించి వెడల్పుగా ఏర్పరచినది. కావుననే వ్యాధి చాలకాలము దాగియుండగలదు. వ్యాసము సగమునకు తగ్గినను, కూర్చుండియున్న మనిషికి ఏమియు తెలియకపోవచ్చును. సుమారు 8 మి.మీ. అయినపుడు శ్రమచేసినచో ఆయాసము కలుగును. సుమారు 5 మి.మీ. అయినపుడు ఊరక కూర్చున్నను ఈలశబ్దము వినవచ్చును. అనగా చప్పుడు వినబడునప్పటికే మార్గము చాలవరకు మూసికొనిపోయినదని అర్థము.

ఇందలి లెక్క కఠినమైనది. నెమ్మదిగా, పొరలుపొరలుగా ప్రవహించు వాయువునకు గొట్టము కలిగించు అవరోధము వ్యాసార్ధము యొక్క నాలుగవ ఘాతమును బట్టి మారును. 18 మి.మీ. గొట్టము 6 మి.మీ. అయినదనుకొందము. వ్యాసము మూడవవంతు, రంధ్రపు వైశాల్యము తొమ్మిదవవంతు, ఆ ఇరుకు భాగమున అవరోధము 81 రెట్లు. రోగి తొందరపడి వేగముగా పీల్చినచో గాలి సుడులు తిరుగును. అపుడు అవరోధము ఇంకను హెచ్చును. భయము వేగమును పెంచును, వేగము అవరోధమును పెంచును, అవరోధము మరల భయమును పెంచును. ఇట్టి రోగిచెంత కూర్చుండి మెల్లగా మాటలాడి అతని ఊపిరిని నెమ్మదింపజేయుట చికిత్సలో ఒక భాగమేయని ఈ లెక్కయే చెప్పుచున్నది. సుడులు తిరుగు ప్రవాహమునకు వాయువు యొక్క సాంద్రతయు అడ్డు. అందుచేతనే 1930 దశకమున అమెరికాలో ఆల్వన్ బరాక్ అను వైద్యుడు మిక్కిలి తేలికయగు హీలియమును ఆక్సిజనుతో కలిపి శ్వాసమార్గము ఇరుకైన వారికి ఇచ్చెను. అది ఇరుకును విప్పదు. విప్పువారికి కొంత వ్యవధి నిచ్చును.

ఇరుకునకు కారణములు

కారణములు కొన్ని బయటనుండి నొక్కునవి, కొన్ని గొట్టము గోడలోనే పుట్టునవి. మెడలో థైరాయిడు గ్రంథి పెరిగి గళగండమై, రొమ్మెముక వెనుకకు దిగినచో వాయునాళమును ప్రక్కకు త్రోసి చదునుచేయును. రొమ్ములో గుండెకు ముందు పెరుగు గడ్డలు, లసికాగ్రంథుల వాపులు వాయునాళపు చివరిభాగమును, దాని శాఖలను అదుమును. గొట్టము లోపలనే పుట్టు గడ్డలును కలవు.

క్షయ రెండవ మార్గము. చెన్నపురి క్షయచికిత్సా చరిత్రలో ప్రసిద్ధి కెక్కిన నగరము. 1928 లో డాక్టరు చౌరిముత్తు తాంబరమున స్థాపించిన ఆరోగ్యశాల నేటికిని ప్రభుత్వ వక్షోరోగ వైద్యశాలగా నడచుచున్నది. 1956 లో నగరమున ప్రారంభమైన క్షయ రసాయనచికిత్సా కేంద్రము, ఆరోగ్యశాలలో ఉంచి మందులిచ్చినను ఇంటివద్దనే ఉంచి ఇచ్చినను ఫలితము ఇంచుమించు సమానమేయని 193 మంది రోగులపై జరిపిన పరిశీలనచే 1959 లో వెల్లడించి, ప్రపంచమందలి క్షయచికిత్సా విధానమునే మార్చెను. అయితే మందులు క్రిములను చంపును గాని, పుండు మానినచోట మచ్చకట్టుటను ఎల్లప్పుడు ఆపజాలవు. క్షయ శ్వాసనాళపు గోడకు ప్రాకినచో, అది మానినపిమ్మట ఆ చోటు త్రాడుతో బిగించినట్లు ముడుచుకొనిపోవచ్చును. రోగము కుదిరినదని ఇంటికి పోయిన మనిషి కొన్ని నెలలకో, ఏండ్లకో ఆయాసముతో తిరిగివచ్చును.

మూడవది నేటికాలమున ముఖ్యమైనది. ప్రాణము కాపాడిన సాధనమే దానికి కారణము. 1952 లో కోపెన్‌హేగన్ నగరమున శిశుపక్షవాతము ప్రబలి, శ్వాసకండరములు పడిపోయినవారు చనిపోవుచుండగా, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు మెడయందు రంధ్రము చేయించి, గొట్టముంచి, చేతితో నొక్కు సంచిద్వారా ఊపిరి నిప్పించెను. వైద్యవిద్యార్థులు వందలకొలది వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచులను నొక్కిరి. వెంటిలేటరుతో కూడిన నేటి తీవ్రచికిత్సా విభాగములకు అదియే ఆరంభము. ఆ గొట్టము చుట్టును గాలి ప్రక్కలనుండి జారిపోకుండ చిన్న గాలిబుడగ ఉండును. బుడగలోని ఒత్తిడి సుమారు 30 సెం.మీ. నీటి పీడనమును మించినచో వాయునాళపు లోపొరకు రక్తము అందుట తగ్గును. పొర చచ్చును, పుండగును, మృదులాస్థి బయటపడి కరగును, గొట్టము తీసివేసినపిమ్మట ఆ పుండు మానుచు వలయాకారముగా బిగుసుకొనును. పూర్వపు బుడగలు గట్టివి. వాటి ఒత్తిడి ఈ హద్దునకు ఎన్నోరెట్లు మించుచుండెను. ఇరుకునకు బుడగయే కారణమని బోస్టనునందు కూపరు, హెర్మీస్ గ్రిల్లో 1969 లో నిరూపించిరి. పిమ్మట పెద్దవియు మెత్తనివియునగు బుడగలు వాడుకలోనికి వచ్చి కీడు తగ్గెను గాని తొలగిపోలేదు.

మన పల్లెలయందు దీనికొక విషాదకరమగు రూపము కలదు. అప్పులవలననో ఇంటి కలహములవలననో మనసు విరిగి పురుగుమందు త్రాగినవారిని బ్రతికించుటకు పలుదినములు వెంటిలేటరుపై ఉంచవలసివచ్చును. మందు యొక్క విషము శ్వాసకండరములను నిర్వీర్యము చేయుటయే దీనికి హేతువు. అట్లు బ్రతికి ఇంటికి చేరినవారిలో కొందరికి కొన్ని వారములకు ఈలశబ్దము మొదలగును. భారతదేశమున గొట్టమువలన కలుగు ఇరుకుతో వచ్చువారిలో ఇట్టివారు గణనీయముగా కనబడుచున్నారు. 2020, 2021 సంవత్సరములలో కోవిడు సోకి దీర్ఘకాలము వెంటిలేటరుపై ఉన్నవారిలోను ఇదియే చూడబడెను.

మత్తు వలని అపాయము

ఇట్టి రోగికి మత్తు ఇచ్చుటలో అపాయమెందున్నదో ఇపుడు చూడవచ్చును. మేల్కొనియున్న మనిషి తన ఊపిరికై తెలియకయే పలువిధముల శ్రమించును. మెడకండరములు, ప్రక్కటెముకల కండరములు, ఉదరవితానము ఒక్కుమ్మడిగా పనిచేయును. గొంతుకండరములు మార్గమును తెరచియుంచును. ఏ భంగిమలో కూర్చున్నచో సుఖమో శరీరమే ఎంచుకొనును. కొందరు వెల్లకిల పరుండలేక, దిండ్లు ఎత్తుగా పెట్టుకొని రాత్రి గడుపుదురు. మత్తు ఎక్కగానే ఈ ఏర్పాట్లన్నియు సడలును. నాలుక వెనుకకు జారును. రొమ్ము వ్యాకోచము తగ్గును. వెల్లకిల పడుకొనుటవలన రొమ్ములోని గడ్డ తన బరువుతో వాయునాళముపై వ్రాలును.

సాధారణ రోగియందు ఇది చిక్కు కాదు. మత్తువైద్యుడు నోటిగుండ గొట్టము దింపి తానే ఊపిరి నిచ్చును. ఇచట ఆ గొట్టము దిగదు. లోపలి వ్యాసము 6 మి.మీ. గల గొట్టమునకు వెలుపలి వ్యాసము సుమారు 8 మి.మీ. ఉండును. వాయునాళమే 5 మి.మీ. అయినచోట దానికి త్రోవ ఎక్కడిది? బలముగా త్రోసినచో రక్తము కారును, పొర వాచును, మిగిలిన సందుకూడ మూసికొనును. మెడయందు రంధ్రము చేయుట అన్నివేళల ఆపద్బాంధవమని తలంచుటయు పొరపాటే. ఇరుకు ఆ రంధ్రమునకు పైనున్నపుడే అది పనికివచ్చును. ఇరుకు రొమ్ములో, శాఖలు చీలుచోట ఉన్నచో మెడలోని రంధ్రము నిష్ప్రయోజనము.

చేతిలోనున్న వ్యవధియు స్వల్పము. పెద్దవారి శరీరము నిమిషమునకు సుమారు 250 మి.లీ. ఆక్సిజను వాడుకొనును. ఊపిరి ఆగినపుడు ఊపిరితిత్తులలో నిలిచియుండు గాలి సుమారు రెండున్నర లీటర్లు. అది మామూలు గాలియైనచో అందలి ఆక్సిజను ఒకటి రెండు నిమిషములకు సరిపోవును. ముందుగా స్వచ్ఛమైన ఆక్సిజనుతో నింపియుంచినచో ఆరోగ్యవంతునకు ఏడెనిమిది నిమిషములు లభింపవచ్చును. వ్యాధిగ్రస్తునకు అంత వ్యవధి లభింపదు.

హైదరాబాదు చెప్పిన పాఠము

మత్తునందు ప్రథమముగా గమనింపవలసినది నాడియా, శ్వాసయా అను వివాదము ఒకప్పుడు తెలుగునేలపైననే జరిగెను. హైదరాబాదున రెసిడెన్సీ సర్జనుగాను వైద్యపాఠశాల అధిపతిగాను ఉండిన ఎడ్వర్డు లారీ, ఎడింబరో నగరపు సైమ్ గారి సంప్రదాయము ననుసరించి, క్లోరోఫారము ఇచ్చువారు శ్వాసనే చూడవలెనని బోధించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో 1888 లో ఒకటి, 1889 లో ఒకటి, రెండు క్లోరోఫారము విచారణసంఘములు అచట పనిచేసెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిగెను. క్లోరోఫారము మొదట శ్వాసను ఆపునే గాని గుండెను కాదని సంఘము తీర్పు చెప్పెను. లారీ తరిబీతు చేసిన వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ, మత్తుమందు నిచ్చుటయే వృత్తిగా గైకొన్న తొలి మహిళలలో ఒకరుగా చరిత్రకెక్కెను.

ఆ తీర్పు సగము తప్పు. తేలికపాటి క్లోరోఫారము మత్తులోనే గుండె లయతప్పి హఠాత్తుగా ఆగగలదని 1911 లో గుడ్‌మన్ లెవీ చూపెను. గుండెను నిర్లక్ష్యము చేయరాదని వైద్యలోకము గ్రహించెను. కాని 'శ్వాసను చూడుము' అను లారీ సూత్రము, ఏ రోగికి వర్తించినను వర్తింపకపోయినను, వాయునాళము ఇరుకైన రోగికి అక్షరాల వర్తించును. నేడు వ్రేలికి తగిలించు పరికరము రక్తములోని ఆక్సిజనును చూపును. అయితే ముందుగా ఆక్సిజను నింపిన రోగియందు, ఊపిరి ఆగిన కొన్ని నిమిషములవరకు ఆ అంకె తగ్గదు. విడిచిన గాలిలోని కార్బన్ డయాక్సైడును చూపు యంత్రరేఖ ఆ క్షణముననే పడిపోవును. దానికంటె ముందు రొమ్ము కదలిక మారును. కనుక మత్తువైద్యుని కన్ను మొదట రొమ్ముపైన, పిదప రేఖపైన, అటుపిమ్మట అంకెపైన ఉండవలెను.

శస్త్రచికిత్సకు ముందు

ఈ రోగుల యోగక్షేమములు చాలవరకు శస్త్రశాలకు వెలుపలనే నిర్ణయమగును. ఎప్పుడైన వెంటిలేటరుపై ఉండెనా, ఎన్ని దినములు, ఆయాసము ఎప్పటినుండి, ఏ ప్రక్కకు తిరిగి పరుండిన హాయి, వెల్లకిల పరుండగలడా యను ప్రశ్నలు యంత్రములకంటె ఎక్కువ తెలుపును. శబ్దమును శ్రద్ధగా వినవలెను. మెడలోని ఇరుకు గాలి పీల్చునపుడును, రొమ్ములోని ఇరుకు గాలి విడుచునపుడును ఎక్కువ బాధించును. మెడలోని నాళము పీల్చు చూషణకు ముడుచుకొనుటయు, రొమ్ములోనిది విడుచునప్పటి ఒత్తిడికి ముడుచుకొనుటయు దీనికి కారణము. గట్టి మచ్చయైనచో రెండువేళలందును ఒకే తీరున అడ్డుపడును.

అటుపిమ్మట సి.టి. చిత్రము. అందు నాలుగు కొలతలు చూడవలెను: స్వరతంత్రులనుండి ఇరుకువరకు ఎంత దూరము, ఇరుకు పొడవెంత, మిక్కిలి సన్ననిచోట వ్యాసమెంత, అచటినుండి శాఖలవరకు మిగిలిన దూరమెంత. ఈ నాలుగు అంకెలను కాగితముపై వ్రాసి, చేతనున్న గొట్టముల వెలుపలి వ్యాసములతో పోల్చినచో ఏది దిగునో ఏది దిగదో ముందే తెలియును. అతిసన్నని ఇరుకుగలవానికి పరీక్షకు ముందు నిద్రమందు ఇచ్చుట ప్రమాదము; అది ఊపిరి ప్రయత్నమును అణచును.

ఇచట మత్తువైద్యుడును శస్త్రవైద్యుడును పనిచేయవలసినది ఒకే సన్నని త్రోవలో. ఒకరు గాలిని పంపవలెను, మరొకరు అచటనే పనిముట్టు నడపవలెను. కావున మొదటి ఉపాయము విఫలమైనచో రెండవదేది, అదియు విఫలమైనచో మూడవదేది యని రోగికి మత్తునిచ్చుటకు ముందే ఇరువురును బిగ్గరగా చెప్పుకొని, పనిముట్లన్నియు విప్పి సిద్ధముగా ఉంచుకొందురు.

మత్తునిచ్చు విధానములు

మొదటి విధానము రోగిని మేల్కొల్పియే ఉంచుట. గొంతునకు తిమ్మిరిమందు చల్లి, సన్నని వంగెడి దర్శినిని ముక్కుగుండనో నోటిగుండనో దింపి, దానిపైనుండి గొట్టమును జార్చుదురు. 1967 లో పీటర్ మర్ఫీ అను ఆంగ్ల వైద్యుడు పిత్తనాళముల పరీక్షకై చేయబడిన దర్శినిని ఇందుకు వాడి త్రోవచూపెను. స్వరపేటిక వద్దనో దానికి పైననో చిక్కున్నపుడు ఇది శ్రేష్ఠము. వాయునాళమే అతిసన్ననైనచో దర్శినియే ఆ సందును పూడ్చి రోగిని ఉక్కిరిబిక్కిరి చేయును, అపుడిది తగదు.

రెండవది, పీల్చు మత్తుమందుతో మెల్లమెల్లగా నిద్రపుచ్చుట. సెవోఫ్లూరేను వంటి మందును ఆక్సిజనుతో కలిపి ఇచ్చుచు, రోగి తన ఊపిరి తానే తీయుచుండగా మత్తును లోతు చేయుదురు. మార్గము మూతపడుచున్నచో మందు లోనికి పోవుటయు తగ్గి రోగి తిరిగి మేల్కొనునని దీని ఆధారము. అయితే ఇరుకువలన మందు నెమ్మదిగా ఎక్కును. తేలికపాటి మత్తులో దగ్గు వచ్చినచో ఊపిరి బిగబట్టును. ఓర్పు లేనివారికి ఈ విధానము లొంగదు.

మూడవది లోహపు బ్రాంకోస్కోపు. ఇది గుండ్రని గట్టిగొట్టము. ఇరుకునకు పైన చూచుటకును, ఇరుకుగుండ దిగుటకును, తనలోనుండియే గాలిని పంపుటకును పనికివచ్చును. 1967 లోనే సాండర్స్ అను వైద్యుడు దీనిగుండ సన్ననిసూదితో ఆక్సిజనును అధికపీడనమున చిమ్మి ఊపిరి నిచ్చు పద్ధతిని కనుగొనెను. ఇందొక హెచ్చరిక కలదు. చిమ్మిన గాలి సులభముగ లోనికి పోవును. బయటకు రావలసినది ఆ సన్ననిత్రోవగుండనే. రొమ్ము దిగువరకు ఆగక మరల చిమ్మినచో గాలి లోన నిండి ఊపిరితిత్తి చిట్లును.

కండరములను స్తంభింపజేయు మందును ఇట్టివారికి ఇయ్యవచ్చునా యను ప్రశ్నకు ఏకాభిప్రాయము లేదు. పూర్వపు గురువులు రోగి ఊపిరిని తీసివేయుటకే ఒప్పుకొనలేదు. గట్టిమచ్చవలని ఇరుకునందు, లోహపు బ్రాంకోస్కోపు పట్టిన నిపుణుడు ప్రక్కనే సిద్ధముగ నిలుచుండగా, ఆ మందు దగ్గును బిగింపును తొలగించి పనిని సుకరము చేయునని నేటివారు పెక్కురు అనుచున్నారు. రొమ్ములోని గడ్డ బయటనుండి అదుముచున్నపుడు మాత్రము స్వంత ఊపిరిని నిలుపుటయే మేలని హెచ్చుమంది మతము. ముక్కుగుండ వెచ్చని తేమగల ఆక్సిజనును నిమిషమునకు 70 లీటర్ల వరకు పంపుచుండినచో, ఊపిరి ఆగినను రక్తమున ఆక్సిజను చాలసేపు నిలుచునని 2015 లో పటేల్, నూరాయి ప్రకటించిరి. మార్గము దాదాపు పూర్తిగా మూసికొనినవానికి, తొడనాళముల గుండ రక్తమును బయటకు తీసి యంత్రమున ఆక్సిజను ఎక్కించి తిరిగి పంపు ఏర్పాటును మత్తుకు ముందే అమర్చుట కలదు. మత్తు ఇచ్చిన పిదప, ఆపద వచ్చిన పిదప దానిని అమర్చుటకు కాలము చాలదు.

విధానములు ఎన్నియైనను వాటి వెనుకనున్న ధర్మము ఒక్కటే. రోగి తన ఊపిరిని తానే తీయుచున్నంతవరకు అది అతని ఆస్తి. దానికి మారుగా మరియొక త్రోవ చేత చిక్కినదని రూఢియగువరకు దానిని అతనినుండి తీసికొనరాదు.

శస్త్రచికిత్సయందు, పిమ్మట

ఇరుకు పొట్టిదైనచో మచ్చను కోసి, బుడగతోనో బ్రాంకోస్కోపుతోనో వ్యాకోచింపజేయుదురు. లేజరు కిరణముతో కోయునపుడు అగ్నిభయము కలదు. గొట్టమున ఆక్సిజను అధికముగ నున్నచో అంటుకొనును. కావున ఆ సమయమున మత్తువైద్యుడు ఆక్సిజనును నూటికి 30 పాళ్ళకు లోపుగా తగ్గించును. నైట్రస్ ఆక్సైడును వాడడు, అదియు మంటకు తోడ్పడును గనుక. కొందరికి సిలికోను గొట్టమును లోన అమర్చుదురు.

మాటిమాటికి బిగుసుకొను ఇరుకునకు శాశ్వతమగు చికిత్స, ఆ భాగమును కోసివేసి రెండు కొనలను కలిపి కుట్టుట. పెద్దవారియందు వాయునాళమున ఇంచుమించు సగమువరకు ఇట్లు తీసివేయవచ్చునని గ్రిల్లో అనుభవము తెలిపెను. వాయునాళము తెరచినపుడు శస్త్రవైద్యుడు దిగువకొనలో శుభ్రమైన మరియొక గొట్టముంచును. మత్తువైద్యుడు దానిగుండ ఊపిరి నిచ్చును. కుట్లు వేయునపుడు దానిని తీయుచు పెట్టుచు, ఆ కొన్ని నిమిషముల విరామములను ఇరువురును లెక్కించుచు పని ముగింతురు. వెనుకటి కుట్లు పూర్తియైనపిదప పైనుండి దింపిన గొట్టము మరల లోనికి చేరును.

మేల్కొలుపు ఘట్టమును తేలికగా ఎంచరాదు. తీవ్రమైన దగ్గు కుట్లను తెంపును. కావున రోగిని ప్రశాంతముగా లేపి, అతని ఊపిరి చక్కబడగనే గొట్టమును తీయుట మంచిది. కుట్లపై లాగుడు పడకుండ గడ్డమును రొమ్మునకు బలమైన దారముతో కట్టి, వారముదినములు తల వంచియే ఉంచుదురు. ఈ దారము ఎందులకో ముందే రోగి భాషలో అతనికి చెప్పని యెడల, మెలకువ వచ్చినపుడు తల ఎత్తలేక అతడు బెదరిపోవును. తెలుగు తప్ప వేరుభాష ఎరుగని వృద్ధుడు తమిళదేశమునందలి ఆసుపత్రిలో మేల్కొనునపుడు, ప్రక్కనున్న నర్సు పలుకు రెండు తెలుగుమాటలు కూడ మందువలెనే పనిచేయును. మొదటి రోజున గొంతు వాపు రావచ్చును. తేమగల ఆక్సిజను, తల ఎత్తుగానుంచుట, నిరంతరము కనిపెట్టియుండుట అవసరము.

నివారణము

కష్టసాధ్యమగు ఈ చికిత్సలన్నింటికంటె సులభమైనది ఇరుకు కలుగకుండ చూచుట. వెంటిలేటరుపైనున్న ప్రతి రోగియొక్క గాలిబుడగ ఒత్తిడిని చేతితో తడవి ఊహింపక, మాపకముతో ప్రతి పూట కొలిచి, 20 నుండి 30 సెం.మీ. నీటి పీడనము నడుమ నిలుపవలెను. ఈ మాపకము అల్పమైన వస్తువు. అది లేనిచోట కలుగు నష్టము అల్పము కాదు. తగిన పరిమాణము గల గొట్టమును ఎన్నుకొనుట, అది అటునిటు లాగబడకుండ కట్టుట, అవసరము తీరగనే తీసివేయుట తక్కిన జాగ్రత్తలు.

చివరిది ఇంటికి పంపునపుడు చెప్పవలసిన మాట. వెంటిలేటరునుండి బయటపడిన ప్రతివానికిని, వాని ఇంటివారికిని ఇంత తెలియవలెను: కొన్ని వారములకో నెలలకో ఆయాసముగాని ఈలశబ్దముగాని మొదలైనచో అది ఉబ్బసమని ఊరకుండరాదు; గొట్టమున్న సంగతి వైద్యునికి మొదటిమాటగా చెప్పవలెను; వాయునాళమును చూపించుకొనవలెను. ఊరి వైద్యుడును ఇట్టి పూర్వవృత్తాంతము విన్నంతనే, ఇరుకు లేదని తేలువరకు ఇరుకు కలదనియే భావింపవలెను. 8 మి.మీ. ఉన్నపుడు వచ్చిన రోగికి మత్తువైద్యుడు పలువిధముల సాయపడగలడు. 4 మి.మీ. అయి, నడిరాత్రి, నీలివర్ణము దాల్చి వచ్చినవానికి అతని నైపుణ్యమంతయు చాలకపోవచ్చును. సెంట్రలు స్టేషనులో దిగి రోడ్డు దాటి వచ్చు ఆ రోగి చేతిలోని పాతచీటీలలో ఒక్కదానిపైనైనను 'వెంటిలేటరుపై ఉండెను' అను ఒక్క పంక్తి వ్రాసియున్నచో, అది అతని చికిత్సలో ప్రథమసోపానమగును.